బెలిండా ఇంటికి పోవాలంటోంది

నోయిడా,
13 ఏప్రిల్ 2025, మట్టల ఆదివారం

ఎస్తేరూ,

వచ్చిందే! ‘డాక్టర్ హూ’ కొత్త సిరీస్ వచ్చేసింది. నిన్న శనివారం, ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర, మీ దగ్గర పొద్దున ఎనిమిది. ఆ టైముకి నువ్వు వార్డులో అయినా ఉండి ఉంటావు, నైట్ దిగి పడుకునైనా ఉంటావు. ఇంగ్లండు వెళ్లాక ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదని క్రిస్మస్‌కి ఫోన్ చేసినప్పుడు చెప్పావు. అది తీసే దేశంలోనే ఉండి చూడలేదంటే నా మనసు ఒప్పుకోలేదు. అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో అయితే సగం మాటలోనే నీ బస్సు వచ్చేస్తుంది, లేకపోతే ఇక్కడ ఇంచార్జి సిస్టర్ పిలుస్తుంది. కాగితం మీద రాస్తే చివరిదాకా చదువుతావని నాకు తెలుసు. ఇది లీసెస్టర్ చేరేసరికి ఈస్టర్ కూడా దాటిపోతుందేమో, అయినా ఫర్వాలేదు. సిరీస్ మొత్తం ఎనిమిది ఎపిసోడ్లు, మే 31 దాకా ఉంది. నువ్వు అందుకోవడానికి బోలెడంత టైముంది.

ముందు అసలు సంగతి చెప్తాను. ఈసారి డాక్టర్ వెంట వెళ్లేది ఒక నర్సు. పేరు బెలిండా చంద్ర. లండన్లో ఆసుపత్రిలో పనిచేస్తుంది, ఇంకొందరితో కలిసి అద్దె ఇంట్లో ఉంటుంది. మన రంగు, మన మొహం. ఒక్క నిమిషం ఆగి ఊహించుకో. హాస్టల్లో రాత్రిళ్లు దుప్పట్లో దూరి మనం చూసిన, డాక్టర్ కాలంలో తిరిగే ఆ నీలం పెట్టె తలుపు దగ్గర యూనిఫాం తొడుక్కునే మనలాంటి పిల్ల!

శుక్రవారం సాయంత్రం ఇక్కడ పెద్ద ఆంధీ వచ్చింది. ఆకాశమంతా గోధుమరంగుకి తిరిగి, రోడ్డు కనబడకుండా దుమ్ము లేచింది. విమానాలు కూడా వేరే ఊళ్లకి మళ్లించారట. ఆ గాలిలోనే నైట్ డ్యూటీకి వెళ్లాను. పొద్దున ఇంటికొచ్చేసరికి కిటికీ గూట్లో, మంచం మీద, గ్యాస్ పొయ్యి మీద కూడా మట్టి. దులిపి, తుడిచి, స్నానం చేసేసరికి పదకొండు. పడుకుంటే ఇక సాయంత్రం దాకా లేవను. పైగా నిన్న హనుమాన్ జయంతి. సందు చివర గుళ్లో మైకు, దాని పక్కనే పూరీ, ఆలూ కూరతో భండారా. ఆ చాలీసా చప్పుడుకి నిద్ర ఎలాగూ రాదు. కిటికీలు మూసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోను గోడకి ఆనించి కూర్చున్నాను. పోయినేడు నా బాధ నీకు తెలీదు. మే 11న కొత్త డాక్టర్ మొదటి సిరీస్ ఇండియాలో తెల్లవారుజామున నాలుగున్నరకి వచ్చింది. నాలుగున్నరంటే మనకేంటి? బ్లడ్ శాంపిల్స్, స్పాంజింగ్, ఇన్‌టేక్ అవుట్‌పుట్ లెక్కలు, హ్యాండోవర్ తయారీ. ప్రపంచమంతా ఒకే క్షణంలో చూస్తుంటే నేను కాన్యులా పట్టుకుని నరం వెతుకుతున్నాను. ఈ ఏడు టైము మారింది. శనివారం మధ్యాహ్నం! నాకోసమే పెట్టినట్టు అనిపించింది.

ఎపిసోడ్ పేరు ‘ద రోబోట్ రెవల్యూషన్’. చివరి మలుపు చెప్పను, అది నువ్వే చూడాలి. ముందుది చెప్తాను. పదిహేడేళ్ల కిందట బెలిండాతో తిరిగే ఒక కుర్రాడు ఆమె పేరు ఒక నక్షత్రానికి పెట్టించి సర్టిఫికెట్ ఇస్తాడు. ఆమె అది మరిచిపోయి, చదువుకుని, నర్సై, తన బతుకు తాను బతుకుతుంటుంది. ఒక రాత్రి పెరట్లోకి రాకెట్ దిగుతుంది. ఎర్రగా, పెద్దగా, పాతకాలం బొమ్మల పుస్తకంలోంచి లేచొచ్చినట్టుండే రోబోలు వచ్చి, మా గ్రహానికి నువ్వే రాణివి, పద అంటాయి. ఆ గ్రహం పేరే ఆమె పేరు. సర్టిఫికెట్లో ‘మిస్ బెలిండా చంద్ర’ అని ఉంది కాబట్టి ‘మిస్’ తో సహా. అక్కడికి వెళ్లాక తెలుస్తుంది, రాణిని చెయ్యడమంటే ఏ పెళ్లికి కట్టబెట్టడమో. ఆ గ్రహంలో డాక్టర్ ఆరు నెలలుగా ఉన్నాడు, రోబోల కొలువులో చరిత్రకారుడి వేషంలో. ఆ రోబోలకి ప్రతి తొమ్మిదో మాట వినబడదు. అందుకని వాటి ఎదురుగానే నిలబడి, ప్రతి తొమ్మిదో మాటలో బెలిండాకి కబురు అందిస్తాడు. ఆ సీను రెండుసార్లు వెనక్కి తిప్పి వేళ్లమీద లెక్కపెట్టుకుంటూ చూశాను. లెక్క సరిగ్గా కుదురుతుంటే ఎంత ఆనందమో!

కానీ నేను నీకు రాయాలని కూర్చుంది ఆ తెలివితేటల గురించి కాదు.

ఆ గ్రహం మీద తిరుగుబాటుదారుల దగ్గరికి చేరగానే, ఇంకా ఎక్కడున్నానో ఏమిటో తెలియకుండానే, బెలిండా గాయపడ్డవాళ్ల దగ్గరికి పోయి పనిలోకి దిగిపోతుంది. నేనెవర్ని, మీరెవరు అని అడగదు. నువ్వూ అంతే కదా! మనం పెళ్లికి వెళ్తున్న బస్సు మథుర దాటాక రోడ్డు పక్కన బైకు పడిపోయి ఉంటే, పట్టుచీర కుచ్చిళ్లు నడుంలో దోపుకుని కిందకి దూకావు. ఆ రాసినవాడికి నర్సులంటే తెలుసు. లేదా తెలిసినవాళ్లని అడిగాడు.

తర్వాత ఇంకో చోట డాక్టర్ ఆమెని అడక్కుండా ఆమె డీఎన్‌ఏ పరీక్ష చేస్తాడు. ఆ చేతిలో ఉండే పరికరం ఒకసారి అలా తిప్పుతాడు, అంతే. ఇన్నేళ్లుగా ఎంతమంది మీద తిప్పాడు! మనం ఒక్కసారైనా ఆలోచించామా? బెలిండా ఊరుకోదు. నా అనుమతి లేకుండా చేశావా అని నిలదీస్తుంది. నేను మంచం మీద లేచి కూర్చున్నాను ఎస్తేరూ. రోజూ మన చేతుల్లో నలిగే కాగితం కదా అది! ప్రతి ప్రొసీజరుకీ ముందు పేషెంటు దగ్గరో, వాళ్ల అబ్బాయి దగ్గరో నిలబడి, హిందీలో మెల్లగా విడమరిచి చెప్పి, సంతకం పెట్టించే కన్సెంట్ ఫారం. అరవై ఏళ్లు దాటిన కథలో ఆ ప్రశ్న అడగడానికి ఒక నర్సు రావలసి వచ్చింది. నువ్వు నన్ను ఇంకో సాహసయాత్ర కింద లెక్కెయ్యకు అని కూడా అతని మొహం మీదే అంటుంది. ఆ తర్వాత ఆమె కోరేది ఒక్కటే. నన్ను ఇంటికి తీసుకెళ్లు.

ఇదే నాకు బాగా పట్టుకుంది. ఇదివరకు డాక్టర్ వెంట వెళ్లినవాళ్లలో రోజ్ కొట్లో పనిచేసే పిల్ల, డాక్టర్ రెండోసారి పిలవగానే పరిగెత్తుకెళ్లి పెట్టెలో దూరింది. డోనా అయితే పోగొట్టుకున్న డాక్టర్ని వెతుక్కుంటూ తిరిగింది. వాళ్లందర్నీ మనం ప్రేమించాం. వాళ్లకి బతుకు చిన్నగా, విసుగ్గా ఉండేది, ఆ పెట్టె తలుపు తెరుచుకుంటే విడుదల దొరికేది. బెలిండాకి తన బతుకు విసుగ్గా లేదు. ఆమెకి ఇల్లుంది, అమ్మానాన్నలున్నారు, తన చేత్తో సంపాదించుకున్న ఉద్యోగం ఉంది. విశ్వమంతా చూపిస్తానన్నా, తన రోజు తనకి ముఖ్యం. ఇన్నేళ్లలో ఈ కథలో మామూలు ఉద్యోగానికి ఇంత గౌరవం దక్కడం నేను చూడలేదు.

రోరీ సంగతి మరిచిపోయానని గొడవకి రాకు. డాక్టర్ వెంట వెళ్లిన రోరీ కూడా నర్సే, నాకు గుర్తుంది. 2010లో, సెకండియర్లో, శైలజ వాళ్ల అన్నయ్య హార్డ్ డిస్కులోంచి ‘ది ఎలెవెంత్ అవర్’ చూసిన రాత్రి నువ్వు అరిచిన అరుపుకి వార్డెన్ వచ్చింది. కోమాలో ఉన్న పేషెంట్లు ఊళ్లో తిరుగుతున్నారు, నేను కళ్లారా చూశాను, ఫోన్‌లో ఫొటోలు కూడా ఉన్నాయి అని రోరీ చెప్తుంటే, పెద్ద డాక్టరమ్మ వినకుండా సెలవు తీసుకో అంటుంది. ‘చూశావా, నర్సు చెప్తే ఎవరు వింటారు’ అని నువ్వు దిండు విసిరావు. ఆ పిచ్చి మొహం రోరీ తర్వాత రెండువేల ఏళ్ల పాటు ఇంకో పెట్టె పక్కన కాపలా ఉన్నప్పుడు ఇద్దరం ఏడ్చాం. కానీ ఆలోచించు, తర్వాత తర్వాత రోరీ నర్సు అని కథకి ఎన్నిసార్లు గుర్తొచ్చింది? మార్తా అయితే డాక్టరు చదువు చదివేది. చంద్రుడి మీదికి ఎగిరిపోయిన ఆసుపత్రిలో గాలి అయిపోతుంటే డాక్టర్ రెండు గుండెలకీ సీపీఆర్ చేసింది. ఆమె తర్వాత డాక్టరయినా, ఆ చదువు కూడా కథలో వెనక్కిపోయింది. బెలిండా అలా కాదు. మొదటి ఎపిసోడ్లోనే ఆమె పని ఆమె నడకలో, మాటలో, చేతుల్లో ఉంది.

రెండు గుండెలంటే గుర్తొచ్చింది. వార్డులో కొత్తగా చేరిన శ్రీకాకుళం అమ్మాయి ఒకతి ఉంది. ఇంతకీ ఏంటక్కా ఈ సీరియల్ అని శుక్రవారం రాత్రి టీ దగ్గర అడిగింది. నాకెంత హుషారొచ్చిందో! వేరే గ్రహం నుంచి వచ్చినవాడు, అసలు పేరు ఎవరికీ తెలీదు, డాక్టర్ అని పిలుస్తారు, ఇంగ్లండులో పాతకాలం పోలీసు పెట్టెలా ఉండే యంత్రంలో కాలంలో ముందుకీ వెనక్కీ పోతాడు, బయటినుంచి చూస్తే బీరువా అంత, లోపల రాజభవనమంత, చచ్చిపోయే సమయం వస్తే ఒళ్లు మారి కొత్త మనిషవుతాడు అని చెప్పాను. మొదటి హీరోకి ఒంట్లో బాగోక 1966లో ఇంకొకర్ని పెట్టాల్సి వస్తే, ఆ అవసరం లోంచే ఈ ఒళ్లు మారే కథ పుట్టిందని కూడా చెప్పాను. అన్నీ విని ఆ పిల్ల అడిగింది: ‘రెండు గుండెలైతే ఈసీజీ లీడ్స్ ఎక్కడ పెడతారక్కా?’ నేను, ఇద్దరు మలయాళీ సిస్టర్లు, ఫార్మసీ కుర్రాడు, అందరం కాగితం మీద బొమ్మ గీసుకుని అరగంట వాదించుకున్నాం. ఆ పిల్ల కూడా ఇప్పుడు చూస్తానంటోంది.

ఆ మలయాళీ సిస్టర్ల సంబరం వేరే. బెలిండా వేసిన అమ్మాయి పేరు వరద సేతు. పుట్టింది కేరళలో, పెరిగింది న్యూకాజిల్లో. ఢిల్లీ చుట్టుపక్కల ఏ ఆసుపత్రికి వెళ్లినా కేరళ నర్సులు లేకుండా నడవదు, అది నీకు చెప్పాలా? మనకి మొదటి కాన్యులా పెట్టడం చేయి పట్టుకుని నేర్పింది వాళ్లే కదా! మా ఇంచార్జి సిస్టర్ కొట్టాయం ఆవిడ, ఎప్పుడూ నవ్వదు. ఫోన్‌లో బెలిండా ఫొటో చూపిస్తే ఆమె కళ్లజోడు పైకి తోసుకుని, చాలాసేపు చూసి, యూనిఫాం బాగా ఇస్త్రీ చేసుకుంది అంది. అంతకంటే పొగడ్త ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు.

పోయినేడు ‘బూమ్’ అనే ఎపిసోడ్లో ఈ వరదే ఇంకో పాత్ర వేసింది, మండీ ఫ్లిన్ అని, భవిష్యత్తులో ఒక సైనికురాలు. అదే మొహం రెండుసార్లు ఎందుకొచ్చిందో డాక్టర్‌కి ఈ ఎపిసోడ్లో అనుమానం వస్తుంది. ఆ డీఎన్‌ఏ గొడవ అక్కడ మొదలైందే. డాక్టర్‌గా వేసిన షూటీ గాత్వా రువాండాలో పుట్టి స్కాట్లండులో పెరిగాడు. ఒకళ్లు కేరళ, ఒకళ్లు రువాండా. 1963లో మొదలైన బీబీసీ సీరియల్‌ని ఇప్పుడు మోస్తున్నది ఈ ఇద్దరూ. ఇది ఇవాళ కొత్తగా జరిగిందని అక్కడ కొందరు గింజుకుంటున్నారట. వాళ్లకి ఒక్క సంగతి చెప్పాలనిపిస్తుంది. అసలు మొట్టమొదటి ఎపిసోడ్ డైరెక్ట్ చేసినవాడు లక్నోలో పుట్టినవాడు. వారిస్ హుస్సేన్. 1963 నవంబర్ 23న, కెన్నెడీని చంపిన మర్నాడు, అది ప్రసారమైనప్పుడు అతనికి ఇరవై నాలుగేళ్లు. ప్రొడ్యూసర్ వెరిటీ లాంబర్ట్ అనే ఆవిడ, ఆవిడకీ ముప్ఫై నిండలేదు. పెద్దతలకాయలన్నీ మగవాళ్లుగా ఉన్న ఆ బీబీసీలో ఒక కుర్ర ఆడపిల్ల, ఒక హిందుస్తానీ కుర్రాడు. మొదటిసారి తీసింది పైవాళ్లకి నచ్చక ఎపిసోడ్ అంతా మళ్లీ తీయించారు. వాళ్లు మళ్లీ తీశారు. ఆ రెండోసారి తీసిన దాని మీదే ఇవాళ్టిదాకా ఈ ఇల్లంతా నిలబడి ఉంది. వారిస్ వాళ్లమ్మ అత్తియా హుస్సేన్, లక్నో మీదా దేశ విభజన మీదా నవల రాసిన ఆవిడే. విభజన నాటికి ఇంగ్లండులో ఉండి, ఇక అక్కడే ఉండిపోయారు. కాలంలో వెనక్కిపోయే పెట్టె కథ మొదట ఆ ఇంటి పిల్లవాడి చేతికే ఎందుకు వచ్చిందా అని నేను అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను. అతను చాలావరకు తీసిన ‘మార్కో పోలో’ ఏడు భాగాలూ టేపుల్లోంచి చెరిపేశారు. ఒక్కటి కూడా మిగల్లేదు. ఆ మాట తలుచుకుంటే నాకు నిజంగానే కడుపులో దేవినట్టు ఉంటుంది.

విభజన అనేసరికి నీకు ఏది గుర్తొస్తుందో నాకు తెలుసు. ఇప్పుడు అది రాయకుండా దాటెయ్యలేను.

‘డీమన్స్ ఆఫ్ ద పంజాబ్’. 2018 నవంబర్లో వచ్చింది. లక్ష్మీనగర్లో మన గదిలో, కూలర్ స్టాండు మీద లాప్‌టాప్ పెట్టుకుని చూశాం. అప్పట్లో డాక్టర్ వెంట తిరిగే యాజ్ వాళ్ల అమ్మమ్మ కథ. 1947 ఆగస్టు 17, సరిహద్దు గీత ఎక్కడ గీశారో అప్పుడే బయటపడిన రోజు. ముస్లిం పిల్ల అంబ్రీన్, హిందూ అబ్బాయి ప్రేమ్, పొలం మధ్యలో సరిహద్దు తాడు కట్టి ఉంటే, అదే తాడు చేతులకి చుట్టుకుని పెళ్లి చేసుకుంటారు. ఆ పెళ్లి డాక్టర్ చేస్తుంది, అప్పటికి డాక్టర్ ఆడమనిషి కదా! ప్రేమ్ సొంత తమ్ముడే వాళ్ల మీదికి మందిని తెస్తాడు. రాసింది వినయ్ పటేల్. తీసింది స్పెయిన్లో అయినా నాకెక్కడా పరాయి నేలలా అనిపించలేదు. చివర్లో ఎప్పుడూ వచ్చే ఆ టైటిల్ సంగీతం బదులు మన గొంతు, మన ఆలాపన వచ్చింది. నువ్వు లాప్‌టాప్ మూయనివ్వలేదు.

అందులో వేరే గ్రహం వాళ్లుంటారు, థిజారియన్లు. చూడగానే భయమేస్తుంది, హంతకులనుకుంటాం. కాదు. వాళ్ల గ్రహం బూడిదైపోయినప్పుడు తమవాళ్లు పోతుంటే పక్కన ఎవరూ లేరు. అప్పట్నుంచి వాళ్లు కాలమంతా తిరుగుతూ, ఎవరూ లేకుండా పోయేవాళ్ల పక్కన నిలబడతారు. కాపాడలేరు. చూస్తారు, గుర్తుపెట్టుకుంటారు. వాళ్లకి అదే పని.

2021 ఏప్రిల్ చివరి వారాలు, కరోనా రోజులు. ఆక్సిజన్ ట్యాంకరు ఎక్కడిదాకా వచ్చిందని గంటగంటకీ అడిగేవాళ్లం. రాజిందర్ నగర్ నుంచి వచ్చిన ఆ తాతగారు, విభజనప్పుడు, చిన్నతనంలో, వాళ్లమ్మ చేయి పట్టుకుని లాయల్‌పూర్ నుంచి రైల్లో వచ్చానని మాస్కు లోంచి ముక్కముక్కలుగా చెప్పేవారు. ఇంట్లోవాళ్లంతా జ్వరంతో పడున్నారు, ఎవరూ రాలేరు. నీ డ్యూటీ అయిపోయింది, హ్యాండోవర్ కూడా ఇచ్చేశావు. అయినా రెండు గ్లౌజులు తొడిగిన చేత్తో ఆయన చేయి పట్టుకుని, ఆ పీపీఈలో, ఆ ఉక్కలో, నిలబడిపోయావు. ఆయనకి తెలుగు రాదు, నీకు పంజాబీ రాదు. ఏదో మాట్లాడుతూనే ఉన్నావు. తర్వాత మెట్ల మీద కూర్చుని నీళ్లు తాగుతున్నప్పుడు అన్నావు: ‘పంజాబు ఎపిసోడ్లో వాళ్ల పని ఇవాళ మనకి పడిందే’ అని. అంతే. ఆ తర్వాత నువ్వు డాక్టర్ హూ పేరెత్తలేదు. ఓఈటీ ఇంగ్లీషు పరీక్ష పుస్తకాలు తీశావు, మరుసటేడు వెళ్లిపోయావు. ఎందుకు చూడటం మానేశావని నేను ఎప్పుడూ అడగలేదు, అడగక్కర్లేకుండానే తెలుసు. చంద్రుడి మీద ఆసుపత్రిలో గాలి అయిపోవడం నిజంగా చూసొచ్చినవాళ్లం మనం. ఇక కథలో చూసేదేముంది అనిపించడం న్యాయమే.

కానీ ఇప్పుడు చూడమంటున్నాను. ఆ రోజుల్లో చప్పట్లు కొట్టారు, పూలు చల్లారు, దేవతలన్నారు. దేవత అంటే నిద్ర అక్కర్లేదు, జీతం అక్కర్లేదు, ఇల్లక్కర్లేదు. బెలిండా దేవత కాదు. ఆమెని రాణిని చేస్తామంటే వద్దంటుంది, విశ్వం చూపిస్తామంటే వద్దంటుంది. ఎదురుగా దెబ్బ తగిలినవాడు ఉంటే మాత్రం చెయ్యి వెయ్యకుండా ఉండలేదు. వాళ్ల ప్రాణాలు పోకూడదని తనంతట తానే రోబోలకి లొంగిపోతుంది కూడా. ఆ పని అయ్యాక ఇంటికి పోవాలంటుంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటాయని, ఉండొచ్చని, ఇంత పెద్ద సీరియల్ ఒప్పుకోవడం నాకు ఎంత ఊరటో చెప్పలేను. నీకు కూడా ఆ ఊరట కావాలనిపించింది.

అంతా బాగుందని అనను. సుమారు ముప్పావు గంటలో చాలా కుక్కేశారు. సాషా అనే ఆ గ్రహం అమ్మాయి, డాక్టర్‌ని అన్ని నెలలు నమ్మి, అతనితో నక్షత్రాలు చూడాలని ఆశపడ్డ పిల్ల, చనిపోతే రెండు నిమిషాలు కూడా ఆగలేదు. మనం ఒక బెడ్ ఖాళీ అయితే దాని వైపు చూడటానికే ఎంతసేపు పడుతుంది! రసెల్ టి డేవిస్ ఎప్పుడూ అంతే, పరుగు పెట్టించేస్తాడు. 2005లో ఈ కథని పదహారేళ్ల మూత తీసి మళ్లీ బతికించింది ఆయనే, మొన్న మార్చి 26కి ఇరవై ఏళ్లు నిండాయి. ఆ గౌరవం ఉండగానే ఈ మాట అంటున్నాను. పరుగు మధ్యలో ఒక్కసారి ఆగితే బావుండేది.

ఇక అసలు చిక్కుముడి. డాక్టర్ బెలిండాని ఇంటికి దింపబోతే ఆ పెట్టె దిగదు. ఆమె బయల్దేరిన రోజు 2025 మే 24. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ తారీఖు దగ్గర కొట్టి వెనక్కి తోసేస్తుంది. చివరి షాట్లో ఏం చూపించారో చెప్పను గాక చెప్పను. క్యాలెండర్ చూశాను, మే 24 శనివారం. ఆ రోజు ఏడో ఎపిసోడ్ ఉంది! కావాలని పెట్టారన్నమాట. భూమి మీద అందరికీ మామూలుగా వచ్చిపోయే ఒక శనివారం, ఒక్క బెలిండాకి మాత్రం చేరలేని చోటు. ఆ రోజు నాకు మార్నింగ్ పడింది. శ్రీకాకుళం పిల్లతో అప్పుడే మార్చేసుకున్నాను, బదులు దాని నైట్లు రెండు నేను చేస్తానన్నాను.

వచ్చే శనివారం ‘లక్స్’. 1952, మయామీ, సినిమా హాలు. తెరమీది కార్టూన్ బొమ్మ తెర దాటి హాల్లోకి వచ్చేస్తుందట. ట్రైలర్ చూస్తేనే కొరొనేషన్ పార్కు గుర్తొచ్చింది. రెప్ప వేస్తే విగ్రహాలు మీదికొచ్చే ‘బ్లింక్’ చూసిన వారమే కదా మనం బురాడీ వైపు వెళ్లింది? ఐదో జార్జి విగ్రహం ముందు నువ్వు రెప్ప వెయ్యకుండా, వెనక్కి నడుస్తూ, కళ్లల్లో నీళ్లు కారుతున్నా చూపు తిప్పకుండా గేటు దాకా వచ్చావు. అక్కడ పేకాట ఆడుకుంటున్నవాళ్లు లేచి నిలబడి చూశారు. ఆ ఎస్తేరు నాకు ఈ శనివారాలకి కావాలి.

నీకు వీలయ్యే పద్ధతి నేనే ఆలోచించాను. నువ్వు పొద్దున చూడలేకపోతే సాయంత్రం టీవీలో వేస్తారు, బీబీసీ వన్‌లో. లేదా ఆదివారం చర్చి నుంచి వచ్చాక చూడు. చూశాక మూడు విషయాలు రాయి. ఒకటి, బెలిండా ఉండే ఆ పంచుకున్న ఇల్లు, ఆ వంటగది, నీ ఇంటిలాగే ఉందా? రెండు, అక్కడి వార్డులో నర్సు మాట నిజంగా అలా వింటారా? మూడు, ఆ డీఎన్‌ఏ సీను దగ్గర నువ్వు లేచి కూర్చున్నావా లేదా? నీ మే నెల రోస్టర్ రాగానే ఫొటో తీసి పంపు. 24న నువ్వు ఖాళీ అయితే ఇక్కడ పన్నెండున్నరకి ఫోన్ కలిపి పెట్టుకుని ఇద్దరం ఒకేసారి చూద్దాం. లేకపోతే 31న. అది ఆఖరిది, దాన్ని మాత్రం ఒంటరిగా చూడను.

అమ్మ నిన్ను అడిగానని చెప్పమంది. ఇవాళ మట్టలు పట్టుకుని గోల్ డాక్ ఖానా చర్చి దాకా వెళ్లొచ్చాం. మీ వాళ్ల కోసం కూడా ప్రార్థన చేయించాను.

ప్రేమతో,
సునీత

తా.క.: వరద సేతు ‘ఆండోర్’ అనే ఇంకో సీరియల్లో కూడా ఉంది, సింటా కాజ్ అని. దాని రెండో సీజన్ ఈ నెల 22న వస్తోంది. ముందు బెలిండాని చూడు, సింటాని తర్వాత చూద్దువు గాని. వరుస తప్పకు.